నడిమి మనిషి

"నేను అడుగుతున్నది ఒక్కటే. డ్రమ్ము కడుగుమని నీకు ఎవరు చెప్పిన్రు?"

చంద్రమ్మ ఈ మాట అడగడం అది మూడోసారి. అడుగుతూనే డ్రమ్ములోకి వంగి చూసింది. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము లోపల కొత్తదానిలా మెరుస్తోంది. అడుగున చెంబెడు నీళ్లు కూడా లేవు. వంటింటి బండలు, గడప, బయట గల్లీలో మూడడుగుల మేర నేల ఇంకా తడిగానే ఉన్నాయి. క్లోరిన్ వాసన ముక్కుపుటాలు మండిస్తోంది.

"పాచి పట్టింది వదినె," అంది సుజన. గోడకు ఆనుకోకుండా, రెండు చేతులూ ముందు కట్టుకొని నిలబడి ఉంది. "చెయ్యి పెడితె జారుతుండె. నల్లొచ్చినంక నింపుకోవచ్చు గద అని అన్ని ఒంపేసిన."

"నల్లా నిన్న వచ్చిపాయె. మళ్ల రేపే. మన గల్లీకి దినం తప్పిచ్చి దినం వస్తది. నీకు తెల్వదా?"

"మర్చిపోయిన."

"వచ్చి నలభై దినాలైతున్నది."

పళ్లు తోముకుంటూ గుమ్మంలో నిలబడ్డ నగేష్ నోట్లోని నురగ ఉమ్మేసి వచ్చాడు. "పోనీ తియ్యక్కా. పొద్దుగాలనే లొల్లి ఎందుకు? పైన ఓనరోళ్లను అడిగి రెండు బకెట్లు దెస్త."

"తెస్తవ్ తియ్యి. రెండు బకెట్లకు ఆమె రెండు గంటల ముచ్చట చెప్తది. నువ్వు వింటవా, బండి తోల్తవా?"

లోపలి గదిలోంచి వర్షిత వచ్చింది. పదకొండేళ్ల పిల్ల, రేగిన జుట్టు, చేతిలో స్కూలు లంగా. "నాకు స్నానం లేదా ఇయ్యాల? మమ్మీకి ఏం తెల్వది అత్తా. పనులన్ని నువ్వే చెయ్యి, మమ్మీని చెయ్యనీయకు."

"ఏయ్," అన్నాడు నగేష్. అంతకు మించి అనలేదు.

సుజన ఎవరి వైపూ చూడలేదు. మూలనున్న బకెట్ తీసుకొని మేడమెట్లు ఎక్కింది. చెప్పులు వేసుకోవడం కూడా మరచింది. చంద్రమ్మ మాట నెగ్గింది. నెగ్గినప్పుడు రావలసిన నిమ్మళం మాత్రం రాలేదు. వదినా మరదళ్ల మధ్య నీళ్ల తగవు ఏ ఇంట్లోనైనా ఉండేదే. కానీ ఎల్లుండి గురువారం సుజనకు కువైట్ విమానం ఉంది. ఆమె పోతుందో ఉంటుందో ఈ ఇంట్లో ఇప్పటివరకు ఎవరూ నోరు తెరచి అడగలేదు. ఆ పెద్ద మాటకు నోరు రాకనే నలుగురూ రోజూ ఇలాంటి చిన్న మాటల మీద పడుతున్నారు.

*

లాల్‌దర్వాజా గుడి వెనక సందుల్లో ఆ రెండు గదుల ఇల్లు. అద్దె ఇల్లు. అక్కడి నుంచి స్కూలు పది నిమిషాల నడక. చంద్రమ్మ ఆ స్కూల్లో పందొమ్మిదేళ్లుగా ఆయా. పొట్టి మనిషి. చంటిపిల్లల్ని ఎప్పుడూ ఎడమ చంకనే వేసుకోవడం వల్ల ఆ భుజం కాస్త కిందికి జారింది. నీలం అంచు తెల్లచీర, చేతి గాజులకు తగిలించుకున్న అరడజను పిన్నీసులు, ఎంత కడిగినా పోని డెట్టాల్ వాసన. పిల్లల బొత్తాలు ఊడితే పిన్నీసు, నిక్కరు తడిస్తే ఇంకో నిక్కరు, ఏడిస్తే చంక. పందొమ్మిదేళ్లలో ఆమె ఎత్తుకున్న పిల్లల్లో కొందరు బైకుల మీద పోతూ ఎదురవుతారు. ఆమె గుర్తు పడుతుంది. వాళ్లు పట్టరు. అందుకామెకు బాధ లేదు. తనకు పిల్లలు లేరు. భర్త సోమయ్య పోయి పన్నెండేళ్లు. కొన్నాళ్లు ఛత్రినాకలో ఒక గది తీసుకొని ఒంటరిగా వండుకు తిన్నది.

ఆరేళ్ల క్రితం నగేష్ ట్రాలీ ఆటో బోల్తాపడింది. కాలులో రాడ్ వేశారు. ఎనిమిది నెలలు మంచం మీదే. సుజన ఏజెంటు ద్వారా కువైట్‌లో ఇంటిపనికి పోయింది. "రెండేండ్లే వదినె, నా బిడ్డను చూడు," అని చంద్రమ్మ చేతులు పట్టుకుంది. చంద్రమ్మ తన గది ఖాళీ చేసి, ఒక ట్రంకుపెట్టె, ఒక బొంత పట్టుకొని తమ్ముడి ఇంటికి వచ్చింది. తమ్ముడి కాలు బాగైంది. మళ్లీ బండి ఎక్కాడు. రెండేళ్లు ఆరేళ్లయ్యాయి. మధ్యలో ఒక్కసారి సుజన రెండు నెలల సెలవుకు వచ్చి, చుట్టంలా ఉండి పోయింది.

పది గంటల బెల్లుకు నర్సరీ పిల్లలకు మూతులు తుడిచి, చంద్రమ్మ వరండా చివర చాప మీద కూర్చుంది. పక్కన సురయ్యా. ఆమె కూడా ఆయానే. బార్కస్ నుంచి రెండు ఆటోలు మారి వస్తుంది. ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి చంద్రమ్మకు అందించింది.

"ఏంది, మొఖం గట్ల పెట్టినవ్?"

"డ్రమ్ము నీళ్లు మొత్తం బండలకు పోసింది మహాతల్లి."

"ఆడ నల్లా తిప్పితె నీళ్లే నీళ్లు. చెయ్యి అలవాటైతది," అంది సురయ్యా. "మా మియా సంగతి చెప్పిన్నా నీకు? సౌదీల దమ్మామ్ నుంచి వచ్చిన పహ్లా దినం. చాయ్ చేస్తున్న. చక్కెర ఎన్ని చెంచాలో యాదికొస్తలేదు. పెండ్లయి ఇరవై రెండేండ్లు, యాదికొస్తలేదు. పోయి అడిగిన. నా మొఖం జూసిండు. 'షుగర్ వచ్చి మూడేండ్లయింది, నీకు చెప్పలేదా?' అన్నడు."

"చెప్పలే?"

"చెప్పలే. కంపెనీ డాక్టర్‌కు చెప్పిండు, రూముల ఉండే మలబారీకి చెప్పిండు. నేనైతె దూరపుదాన్ని గదా." సురయ్యా నవ్వింది. నవ్వుతూనే చాయ్ ఊదుకుంది. "ఇగ మీ సుజనకు తెలుసా, నగేష్ భాయ్‌కి షుగర్ ఉన్నదో లేదో?"

"వానికి లేదు. మొన్న సంక్రాంతికి ముందు టెస్టు చేయించిన."

"దేఖో," అంది సురయ్యా. "నేను సుజనకు తెలుసా అని అడిగిన. జవాబు నువ్వు చెప్తున్నవ్."

చంద్రమ్మ చాయ్ మూత కింద పెట్టింది. సురయ్యాకు ఆ మాటలో వేరే ఉద్దేశం ఏమీ లేదు. కానీ గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది.

ఈ వరండాలోనే, ఈ స్తంభం దగ్గరే జరిగింది అది. కువైట్‌లో ఆ ఇంటి మేడం మధ్యాహ్నం నిద్రపోయే గంటసేపే సుజన చేతికి ఫోన్ వచ్చేది. అప్పటికి ఇక్కడ నాలుగు దాటుతుంది. నగేష్ బేగంబజార్ సరుకుతో రోడ్డు మీద ఉంటాడు. అందుకని సుజన చంద్రమ్మకే చేసేది. బిడ్డకు జ్వరమా, ఫీజు కట్టారా, ఆయన తాగుతున్నాడా, అన్నీ చంద్రమ్మనే అడిగేది. నగేష్ కూడా సాయంత్రం రాగానే "ఏమన్నది?" అని అక్కనే అడిగేవాడు. శుక్రవారం రాత్రి ఐదు నిమిషాలు స్పీకర్ పెట్టి అందరి ముందు మాట్లాడుకుంటే అదే ఎక్కువ. స్పీకర్‌లో మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునేది ఏముంటుంది, తిన్నావా, తిన్నా.

రెండేళ్ల క్రితం ఎండాకాలంలో ఒకనాడు సుజన గొంతు వేరుగా ఉంది. "వదినె, ఇగ చాలు. వచ్చెయ్యనా? ఆయన్ను అడిగి చెప్పు," అంది. అడుగుతానంది చంద్రమ్మ. ఆ రోజు వర్షితకు ఒళ్లు కాలిపోతోంది. ఇంటికి పోయేసరికి పిల్ల రెండు చేతులూ మెడ చుట్టూ వేసి విడవలేదు. జావ తాగించింది, తడిగుడ్డ వేసింది. ఆ వేడి చేతులు మెడ మీద ఉండగా, తల్లి వస్తే ఈ చేతులు ఎక్కడికి పోతాయో చంద్రమ్మకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఛత్రినాకలోని ఆ ఒంటరి గది కూడా కనిపించింది. తమ్ముణ్ణి అడగలేదు. మరునాడు ఫోన్ వస్తే, "ఇంకో రెండేండ్లు ఉండుమన్నడు సుజనా," అంది. తమ్ముడితో, "దానికి ఆడ్నే మంచిగున్నదట," అంది. నగేష్ ఆసుపత్రి అప్పు తీరాలి కదా అని మనసుకు చెప్పుకుంది. మనసు వినలేదు. వినలేదని తెలిసీ అదే చెప్పుకుంటూ వచ్చింది.

ఆ తర్వాత నగేష్ శుక్రవారం ఫోన్‌కు కూడా సరిగా రావడం మానేశాడు. సుజన ఆయన గురించి అడగడం మానేసింది.

*

పదకొండున్నరకు ఓనరమ్మ ఫోన్ చేసింది. పన్నెండున్నరకు ట్యాంకర్ వస్తోందని. సురయ్యా "నువ్ పో, అన్నాలు నేను తినిపిస్త," అంది. చంద్రమ్మ ఎండలో గబగబా నడిచింది.

ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. నగేష్ అన్నానికి వచ్చినట్టున్నాడు. చంద్రమ్మ బయట బకెట్లు తీసుకుందామని వంగింది. తలుపు ఓరగా ఉంది. లోపల నగేష్ చాప మీద కూర్చొని తింటున్నాడు. సుజన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. పొద్దున నిలబడినట్టే. వచ్చినప్పటి నుంచి అంతే. నలుగురూ తినేదాకా కూర్చోదు. కంచంలో చెయ్యి కడగ్గానే ఆ కంచం మాయమవుతుంది. ఫ్రిజ్ తెరిచే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తుంది.

"నువ్వు గూడ తినరాదు," అన్నాడు నగేష్.

"మీరు తినండి. తర్వాత తింట."

పోకముందు ఆయన్ను "నువ్వు" అనేది. నోరు పెట్టుకొని జగడమాడేది కూడా. ఇప్పుడు "మీరు" అంటోంది. సుజన లోపలికి పోయింది. గిన్నెల చప్పుడైంది.

"సుజనా, జెర మంచినీళ్లు," కేకేశాడు నగేష్.

"ఐవా మేడం," అంది లోపలి నుంచి సుజన గొంతు.

మరుక్షణమే గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నగేష్ చేతిలో ముద్ద నోటి దాకా పోయి ఆగింది. చంద్రమ్మ బకెట్ పిడి పట్టుకొని అలాగే వంగి ఉండిపోయింది.

సుజన నీళ్లచెంబు తెచ్చి ఆయన ముందు పెట్టింది. తల ఎత్తలేదు. "అలవాటైంది. ఆడ పిలిస్తె గట్లనే పలకాలె," అంది.

"ఆడ నిన్ను ఏమని పిలుస్తరు?"

"మేరీ అని."

"మేరీ ఏంది?"

"నాకంటే ముందు ఉన్నామె పేరు మేరీ. మళ్ల కొత్త పేరు ఎందుకని నాకు గూడ అదే ఉంచిన్రు."

నగేష్ ముద్దను కంచంలోకి వదిలాడు. "ఆరేండ్ల సంది?"

"ఆఁ."

"మరి గట్లాంటి తావు నీకు మంచిగెట్ల అనిపించింది? నేనైతే..." నీళ్లచెంబు పక్కకు జరిపాడు. "నేను రెండేండ్ల సంది అదే అనుకుంటున్న. ఆడ్నే మంచిగున్నదని అన్నవంట గద. ఇగ మనమెందుకు..."

సుజన తల ఎత్తింది. "ఎవరన్నరు? నేనేడ అన్న? మీరే గద..."

చంద్రమ్మ చేతిలోని బకెట్ జారలేదు. ఆమె దాన్ని వదిలింది. ఇనుప బకెట్ రాతి మెట్టు మీద పడి గల్లీ అంతా మోగింది. "ట్యాంకర్ వచ్చింది, ట్యాంకర్ వచ్చింది," అంటూ తలుపు తోసుకొని లోపలికి వచ్చింది. "కూసున్నరేంది, డబ్బాలు పట్టుండ్రి. లైను పెరుగుతది."

ట్యాంకర్ ఇంకా రాలేదు. ఓనరమ్మ చెప్పిన టైముకు ఇంకా పావుగంట ఉంది. ముగ్గురూ బిందెలు, బకెట్లు పట్టుకొని గల్లీ మొదట్లో ఎండలో పావుగంట నిలబడ్డారు. "ఏది అక్కా?" అని నగేష్ ఒకసారి అడిగాడు. "వస్తది. హారన్ ఇనిపించింది నాకు," అంది చంద్రమ్మ. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. రెండేళ్ల కింది అబద్ధాలను ఒకనాటివని, ఒక జ్వరంనాటివని అనుకుంటూ వచ్చింది ఇంతకాలం. ఇది ఇవాళ్టిది. పిల్లకు జ్వరమూ లేదు, అప్పూ లేదు. ఎదురుగా రెండు మాటలు ఒకదానికొకటి అందబోతుంటే తానే నడుమ బకెట్ పడేసింది.

చివరికి ట్యాంకర్ వచ్చింది. తోపులాటలో నగేష్ పైపు పట్టుకున్నాడు, సుజన బిందెలు మోసింది. డ్రమ్ము నిండింది. ఆగిపోయిన మాట మళ్లీ ఎత్తడానికి ఇద్దరిలో ఎవరికీ ధైర్యం చాలలేదు. నగేష్ బండి స్టార్ట్ చేసుకొని పోయాడు. పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి సుజనను చూశాడు. ఆమె అప్పటికే ఆయన తిన్న కంచం కడుగుతోంది.

*

నాలుగింటికి వర్షిత బ్యాగు వీపున వేసుకొని వరండాలోకి వచ్చింది. స్కూలు ఊడ్చేదాకా అత్త దగ్గర కూర్చోవడం ఆ పిల్లకు అలవాటు. చంద్రమ్మ ఒళ్లో తల పెట్టింది.

"ఎల్లుండికి అయిపోతది గద అత్తా."

"ఏంది అయిపోయేది?"

"మమ్మీ సెలవు. మళ్ల మంచం మీద మనమిద్దరమే పండుకోవచ్చు."

"ఇప్పుడు గూడ మనమిద్దరమే పండుకుంటున్నం గద."

"మమ్మీ కింద చాప మీదుంటది గద. నేను లేస్తె చూస్తుంటది. ఊకె చూస్తుంటది. నాకు నిద్రపట్టదు." వర్షిత అత్త చేతి గాజులకున్న పిన్నీసులు ఒక్కొక్కటే తిప్పుతోంది. "డాడీ గూడ మెల్లగ మాట్లాడ్తుండు. అందరు మెల్లగ మాట్లాడ్తున్నరు. మమ్మీ పోతె మళ్ల మామూలుగ ఉంటది."

నెల క్రితం ఈ మాట వింటే చంద్రమ్మ పిల్లను గుండెకు హత్తుకునేది. ఇప్పుడు గాజుల చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. వచ్చిన మొదటిరోజు సుజన ఇంట్లో నిలబడి, "నేనెక్కడ పండుకోవాలె వదినె?" అని అడిగింది. ముందు గదిలో నగేష్ ఉన్నాడు. ఆ గదిలోకి ఆమె చాప జరగడానికి అడ్డం ఒక్క గడప. ఆ గడప దాటించే మాట ఇంట్లో పెద్దది అనాలి. "పిల్లను నా దగ్గర ఉంచుకుంట, మీరు ముందట పండుకోండ్రి," అంటే సరిపోయేది. చంద్రమ్మ మంచం పక్కనే చాప పరచింది. రేపు చూద్దాంలే అనుకుంది. సురయ్యా మొదటి వారంలోనే, "పిల్లను పట్టుకొని నాల్గు దినాలు మా ఇంటికి రా. మొగుడు పెండ్లాలను జెర ఇంట్ల ఉండనియ్యి," అంది. పిల్లకు పరీక్షలని తప్పించుకుంది. వాళ్లకై వాళ్లు అడగలేదు కదా అనుకుంది. ఆరేళ్లుగా ప్రతి మాటా తన ద్వారానే పంపుకున్న ఇద్దరు, ఆ మాట ఒక్కటి ఎవరి ద్వారా పంపుకుంటారు?

"పో, కుళాయి దగ్గర మొఖం కడుక్కో," అని వర్షితను లేపింది.

సురయ్యా ఎల్‌కేజీ గది ఊడుస్తోంది. చంద్రమ్మ పోయి చీపురు పట్టుకొని ఆపింది.

"మీ భాభీ మలక్‌పేటల ఆడోళ్ల హాస్టల్ల వంట చేస్తది గద. ఆడ్నే ఉండెటోళ్లు ఒకరు కావాలన్నది. దొరికిన్రా?"

"ఏడ దొరికిన్రు? ఉండుమంటె ఎవరుంటరు? ఇల్లు పిల్లలు అంటరు. ఎందుకు, నీకెవరన్న తెలుసా?"

"నేనే."

సురయ్యా నడుం మీద చెయ్యి పెట్టుకొని నిటారుగా నిలబడింది. "నీకేం పిచ్చి లేసిందా? గురువారం సుజన పోతది. పిల్లనెవరు చూస్తరు?"

"నువ్ ఫోన్ చెయ్యి."

"ఇంట్ల లొల్లి అయిందా?"

"లేదు. అయ్యుంటె మంచిగుంటుండె."

సురయ్యా చీపురు గోడకు ఆనించింది. ఫోన్ తీసి, ఉర్దూలో రెండు నిమిషాలు మాట్లాడింది. నడుమ నడుమ చంద్రమ్మ వైపు చూసి "హౌ, అకేలీ ఔరత్ హై" అంది. ఒంటరి ఆడది. ఆ మాట చెవిన పడగానే చంద్రమ్మకు ఎవరో వెనక నుంచి తలుపు వేసినట్టు అనిపించింది.

"రేపే రమ్మంటున్నరు. పొద్దున టిఫిన్ల టైముకు. చిన్న రూము, ఇంకొకామె ఉంటది. సరేనా?"

"సరే."

పెద్ద మేడం ఆఫీసులో రిజిస్టరు రాసుకుంటోంది. చంద్రమ్మ చెప్పింది విని తల ఎత్తకుండానే, "ఇయర్ మధ్యలో ఎట్లా చంద్రమ్మా? ఒక నెల ముందు చెప్పాలి కదా," అంది. తర్వాత తల ఎత్తి, "సరే, నీ బదులు ఎవరినైనా చూడమని సురయ్యాకు చెప్పు," అంది. పందొమ్మిదేళ్లకు ఆ మాత్రం సేపు పట్టింది. చంద్రమ్మ బయటికి వచ్చి, గాజులకున్న పిన్నీసులు విప్పి సురయ్యా అరచేతిలో పోసింది. "నర్సరీల ఆ బక్కపిల్లగాని నిక్కరు ఆగది. చూస్తుండు," అంది.

*

సాయంత్రం ఏడింటికి నగేష్ మామూలు కంటే ముందే ఇంటికి వచ్చాడు. రాగానే సుజన వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఇద్దరూ మధ్యాహ్నం ఆగిన చోటనే ఆగి ఉన్నారని చంద్రమ్మకు తెలుస్తోంది. తాను ఒక అరగంట ఇంట్లో లేకుండా పోతే ఆ మాట దానంతటదే బయటపడేదేమో. కానీ అది వాళ్ల నోటి నుంచి బయటపడితే, తాను ఇంకోసారి దాక్కున్నట్టే.

అన్నం, పచ్చిపులుసు, ఆలుగడ్డ కూర, పెరుగు ప్యాకెట్ చాప ముందు పెట్టింది. "కూసోండ్రి. నువ్వు గూడ, సుజనా."

"మీరు తినండి వదినె, నేను తర్వాత..."

"కూసో."

చంద్రమ్మ గొంతులో ఏముందో, సుజన కూర్చుంది. కూర్చోవడం కూడా మడమల మీద, ఎప్పుడైనా లేవడానికి సిద్ధంగా. నలుగురూ చాప చుట్టూ చేరారు. వర్షిత ఆలుగడ్డ ముక్కలు ఏరుకుంటోంది. నాలుగు ముద్దలయ్యాక చంద్రమ్మ చెప్పింది.

"నేను మలక్‌పేటల హాస్టల్ల పనికి కుదిరిన. ఆడ్నే ఉండాలె. రేపు పొద్దుగాల పోతున్న."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. నగేష్ నవ్వబోయాడు. "ఏందక్కా? పొద్దుగాల నీళ్లకాడ లొల్లి అయిందనా? అది నువ్ మనసుల పెట్టుకుంటె..."

"నీళ్ల కోసం ఎవరన్న ఇల్లు ఇడుస్తరార?"

"మరి గురువారం ఈమె పోయినంక పిల్లనెవరు చూస్తరు? నేను బండి మీదుంట. నువ్వే గిట్లంటె ఎట్ల?"

"అది నన్నడుగకు. ఆమె ఈడ్నే కూసున్నది, ఆమెనడుగు. పోతదో పోదో గూడ ఆమెనే అడుగు."

సుజన కంచంలో చెయ్యి ఆపింది. చంద్రమ్మ ఆమె మొహం చూడకుండా చెప్పాలనుకుంది. కానీ చూసే చెప్పింది.

"రెండేండ్ల కింద నువ్ ఫోన్ జేసి, వచ్చెయ్యనా అన్నవ్. ఈన్ని అడుగుమన్నవ్. నేను అడగలే. ఉండుమన్నడని నేనే చెప్పిన." తమ్ముడి వైపు తిరిగింది. "నీతోని, ఆమెకు ఆడ్నే మంచిగున్నదట అన్న. ఆమె గట్ల అనలేదు. రెండూ నా నోటికెల్లి వచ్చినయే. మధ్యాహ్నం నేను వచ్చిందన్నప్పుడు ట్యాంకర్ ఇంక రాలే. మీరు మాట్లాడుకుంటుంటె ఆపిన."

నగేష్ అక్కను అలా చూస్తూనే ఉన్నాడు, ఆమె ఎవరో గుర్తు పట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు. చిన్నప్పుడు తల్లి పోతే అన్నం తినిపించి పెంచిన చెయ్యి అది. కోపం ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలియలేదు.

"ఎందుకు వదినె?" అంది సుజన. గొంతులో ఏడుపు లేదు. "నేను ఆ దినం ఫోన్ పెట్టేసి బాత్రూముల కూసున్న. ఉండుమన్నడంటె ఇగ నాకు ఇల్లు లేదనుకున్న. రెండేండ్లు గట్లనే అనుకున్న."

"నేను గూడ ఇల్లు లేనిదాన్నే సుజనా," అంది చంద్రమ్మ. "నీ ఇంట్ల ఉండి నాదనుకున్న. అంతే. వేరే ఏం లేదు చెప్పనీకి."

వర్షిత ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. "అత్తా, నువ్ పోతె నాకు జడ ఎవరేస్తరు?" అంది మెల్లగా.

"మమ్మీ ఏస్తది. వంకర వచ్చినా ఏయించుకో."

"నేను గూడ నీతోని వస్త."

"ఆదివారం రా. ఇద్దరిని తోల్కొని రా."

వర్షిత కింది పెదవి బిగపట్టి ఏడవడం మొదలుపెట్టింది. చంద్రమ్మ చేతులు అలవాటుగా ముందుకు పోయాయి. సగం దారిలో వాటిని వెనక్కి తీసుకుంది. ఒక నిమిషం ఆ పిల్ల ఎవరి చేతుల్లోనూ లేకుండా ఏడ్చింది. తర్వాత సుజన మడమల మీంచి పక్కకు జరిగి, ఎంగిలి చెయ్యి దూరం పెట్టుకొని, ఎడమచేత్తో పిల్ల వీపు మీద తాకింది. గట్టిగా కాదు, అనుమతి అడిగినట్టు. వర్షిత జరగలేదు. దగ్గరికీ రాలేదు.

నగేష్ నోరు విప్పాడు. అడిగింది అక్కను కాదు.

"పోతవా?"

సుజన జవాబు చెప్పడానికి నోరు తెరిచి, అలవాటుగా వదినె వైపు చూసింది.

చంద్రమ్మ లేచింది. "సురయ్యా వాళ్ల భాభీకి ఫోన్ జేసి హాస్టల్ తోవ అడిగొస్త," అంది. చెయ్యి కడుక్కొని, చెప్పులు వేసుకొని, తలుపు దగ్గరగా వేసి బయటికి నడిచింది. లోపల, మూల చించి పెట్టిన ఆ పెరుగు ప్యాకెట్, ఎవరికీ వడ్డించకుండానే, చెంబుకు ఆనించి నిలబెట్టి ఉంది.